పక్షవాతం వచ్చిన మనిషికి నిద్ర గాడిన పడాలంటే

ఉదయం పది గంటలకు వ్యాయామం చేయించడానికి వెళ్తాను. కుర్చీలో కూర్చోబెట్టి, పడిపోయిన చేతిని పట్టుకుని "ఎత్తండి, ఇంకొంచెం ఎత్తండి" అంటుంటే ఆ మనిషి తల వాలిపోతుంటుంది. ఇంట్లోవాళ్లకు చిన్నతనంగా ఉంటుంది. "ఏమండీ, డాక్టరుగారు వచ్చారు, కళ్లు తెరవండి" అని భుజం తట్టి లేపుతారు. రెండు నిమిషాల్లో మళ్లీ అదే మగత. నాలుగు రోజులు ఇలా జరిగేసరికి "ఈయనకే శ్రద్ధ లేదు, ఇంక మనమేం చేస్తాం" అన్న మాట వచ్చేస్తుంది.

నేను ఫిజియోథెరపిస్టును. అయినా మా నాన్నకు ఎడమవైపు పడిపోయినప్పుడు ఇదే పొరపాటు చేశాను. హాస్పిటల్ నుంచి వచ్చాక మూడు వారాలపాటు రాత్రిళ్లు ఆయన గురక వింటూ, హమ్మయ్య, గాఢంగా పడుకున్నారు అనుకున్నాను. ఆ గురక మధ్యలో ఊపిరి ఆగుతోందని పక్క మంచం మీద పడుకునే అమ్మ చెప్పేదాకా నాకు తట్టలేదు. పగలు ఆయన కునికిపాట్లకు మూలం అదేనని తేలింది. అప్పటినుంచి ఏ ఇంటికి వెళ్లినా కాలూ చెయ్యీ ఎంత కదులుతున్నాయో చూసేముందు "రాత్రి ఎలా పడుకున్నారు?" అని అడుగుతున్నాను.

స్ట్రోక్ అంటే మెదడులో కొంతభాగానికి రక్తం అందక దెబ్బతినడం, లేదా రక్తనాళం చిట్లడం. చేతినీ కాలినీ మాటనూ నడిపే చోట్లు మెదడులో ఉన్నట్టే, నిద్రపుచ్చేవీ మేలుకొలిపేవీ, ఊపిరి లయను నడిపేవీ అక్కడే ఉన్నాయి. దెబ్బ వాటికి తగిలితే నిద్ర చెదురుతుంది. దానికి నొప్పి, దిగులు, కొత్త మాత్రలు, పగలంతా మంచం మీదే ఉండటం తోడవుతాయి. పగలు నేర్పిన కదలికను మెదడు గట్టిపరచుకునేది చాలావరకు నిద్రలోనే. నిద్ర సరిగా లేకపోతే ఫిజియోథెరపీకి పెట్టిన డబ్బూ ఓపికా సగం వృథా అవుతాయి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందుగా, అది నిద్రేనా?

మామూలు నిద్రలో ఉన్న మనిషి గట్టిగా పిలిస్తే, భుజం కుదిపితే లేస్తాడు. లేచాక మిమ్మల్ని గుర్తుపడతాడు, నిన్నటిలాగే ఉంటాడు. అలా లేవకపోయినా, లేచినా తికమకగా మాట్లాడుతున్నా, నిన్నటిదాకా చురుగ్గా ఉన్న మనిషి ఇవాళ ఉన్నట్టుండి మగతలోకి జారిపోతున్నా దాన్ని నిద్ర అనుకుని వదిలేయొద్దు. మళ్లీ స్ట్రోక్ కావచ్చు, మెదడులో నీరు చేరి ఉండొచ్చు. పదిరోజుల కిందట బాత్రూములో జారిపడి ఉంటే తలలో మెల్లగా రక్తం పేరుకుని ఉండొచ్చు, ముఖ్యంగా రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లలో. మూతి వంకర పోవడం, మాట తడబడటం, కొత్తగా చెయ్యో కాలో బలహీనపడటం, వాంతి, తీవ్రమైన తలనొప్పి, వీటిలో ఏది తోడైనా 108కి ఫోన్ చేయండి. నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

షుగర్ ఉన్న మనిషైతే అంబులెన్సు వచ్చేలోపు గ్లూకోమీటరుతో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే మగత దానివల్లే కావచ్చు. మింగగలిగే స్పృహ ఉంటేనే పంచదార నీళ్లు పట్టాలి.

మన ఇళ్లలో తరచూ జరిగేది ఇంకొకటుంది. బీపీ ఉందని ఉప్పు పూర్తిగా ఆపేస్తారు. పసరు మందు పోయించాక పథ్యం పేరుతో చప్పిడి కూడు పెడతారు. అవతల మూత్రం ఎక్కువ పోయే బీపీ మాత్ర నడుస్తూనే ఉంటుంది. పెద్దవయసువాళ్లలో ఈ రెండూ కలిస్తే రక్తంలో సోడియం పడిపోయి, మనిషి మత్తుగా, అయోమయంగా తయారవుతాడు. ఇంట్లోవాళ్లు "నీరసం, పడుకోనివ్వండి" అంటారు. మామూలు రక్తపరీక్షలో బయటపడే విషయమిది. ఉప్పు తగ్గించమని డాక్టరు చెబితే తగ్గించండి, మీ అంతట మీరు సున్నా చేయకండి.

నిద్రకూ స్ట్రోక్‌కూ సంబంధించి మరొక మాట. ప్రతి అయిదు స్ట్రోకుల్లో సుమారు ఒకటి నిద్రలోనే వస్తుంది, లేచాకే తెలుస్తుంది. గడ్డ కరిగించే ఇంజెక్షను మామూలుగా నాలుగున్నర గంటల్లోపు ఇవ్వాలి కాబట్టి, చివరిసారి మనిషి బాగున్నట్టు ఎవరు ఏ టైముకు చూశారన్నది డాక్టరు మొదట అడుగుతారు. "రాత్రి రెండింటికి బాత్రూముకు వెళ్లొచ్చారు, అప్పుడు బాగానే నడిచారు" అన్న ఒక్క ముక్క చికిత్సను మార్చేయగలదు. టైము తెలియకపోయినా ఆశ వదులుకోవద్దు. స్కాన్ చూసి 24 గంటల దాకా పెద్ద నాళంలోని గడ్డను తీయగలిగే సందర్భాలున్నాయి. ఇంటి వైద్యాలతో తెల్లవారేదాకా చూద్దాం అనుకోవడమే అన్నిటికన్నా పెద్ద నష్టం.

ఏడు రాత్రులు రాసి పెట్టండి

ప్రమాదమేమీ లేదని తేలాక చేయాల్సిన మొదటి పని ఏ మందూ కాదు. ఒక నోటుబుక్కు కొని మంచం పక్కన పెట్టండి. ఎన్నింటికి పడుకున్నారు, నిద్ర పట్టడానికి సుమారు ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు లేచారు, ఎందుకు లేచారు (మూత్రమా, నొప్పా, కలా, ఊరికేనా), తెల్లవారి ఎన్నింటికి మెలకువ వచ్చింది, పగలు ఎప్పుడెప్పుడు ఎంతసేపు కునుకు తీశారు. ఇవి రాయండి. టీ, కాఫీ తాగిన టైమూ, మాత్రలు వేసుకున్న టైమూ పక్కనే వేయండి. నిమిషాల లెక్క అక్కర్లేదు, గోడగడియారం చూసి సుమారుగా రాసినా చాలు.

పక్క తడిసిందా, నాలుక కొరుక్కున్నారా, పొద్దున లేచేసరికి ఒళ్లంతా నొప్పులన్నారా అన్నది కూడా రాయండి. స్ట్రోక్ తర్వాత కొందరికి నిద్రలో ఫిట్స్ వస్తాయి, ఎవరూ చూడరు. ఈ గుర్తులే వాటిని పట్టిస్తాయి.

ఇక ఫోను. మనిషి గాఢంగా పడుకున్నాక, తెల్లవారుజామున ఒకసారి, ముఖమూ ఛాతీ కనబడేలా అయిదు నిమిషాలు వీడియో తీయండి. ఓపీలో డాక్టరుకు మీరు పావుగంట వివరించలేనిది ఆ వీడియో అర నిమిషంలో చెప్పేస్తుంది. అమ్మ అలా తీసిన వీడియోతోనే నాన్న సంగతి తేలింది.

గురకను గాఢనిద్ర అనుకోకండి

స్ట్రోక్ వచ్చినవాళ్లలో ప్రతి పదిమందిలో ఏడుగురి దాకా నిద్రలో ఊపిరి ఎంతోకొంత అడ్డుపడుతుంటుంది. దీన్నే స్లీప్ ఆప్నియా అంటారు. కొందరికి ఇది స్ట్రోక్‌కు ముందునుంచే ఉంటుంది. నిజానికి స్ట్రోక్ రావడానికి దారితీసే కారణాల్లో ఇదీ ఒకటి. మరికొందరికి స్ట్రోక్ వల్ల గొంతు కండరాలు, నాలుక బలహీనపడి కొత్తగా వస్తుంది. వెల్లకిలా పడుకుంటే నాలుక వెనక్కి జారి దారి మూసుకుపోతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గుతుంది, మెదడు ఉలిక్కిపడి మనిషిని సగం మేల్కొలుపుతుంది, ఒక్క పెద్ద గురకతో ఊపిరి మళ్లీ మొదలవుతుంది. ఇలా రాత్రికి వందలసార్లు జరిగినా ఆ మనిషికి పొద్దున గుర్తుండదు. "బాగా పడుకున్నాను" అంటాడు, పది గంటలకు తల వాలుస్తాడు. మాత్రలు వేసుకుంటున్నా బీపీ దిగిరాకపోవడానికి కూడా ఇది కారణం కావచ్చు.

ఎలా కనిపెట్టాలంటే, పక్కన కూర్చుని గురక వినండి. గురక ఉన్నట్టుండి ఆగి నిశ్శబ్దమైతే లెక్కపెట్టండి. పది సెకన్లో అంతకు మించో ఊపిరి ఆగి, తర్వాత ఉక్కిరిబిక్కిరైనట్టు మళ్లీ వస్తే అది ఒక ఆగుడు. అలా గంటలో ఎన్నిసార్లో స్లీప్ స్టడీలో లెక్కిస్తారు. అయిదు లోపు మామూలు, 5 నుంచి 15 వరకు తక్కువ తీవ్రత, 15 నుంచి 30 వరకు మధ్యస్థం, 30 దాటితే తీవ్రం. పొద్దున తలనొప్పి, నోరు ఎండిపోవడం, రాత్రి పదేపదే మూత్రానికి లేవడం కూడా దీని గుర్తులే. సన్నగా ఉన్న మనిషికి రాదనుకోవద్దు. స్ట్రోక్ తర్వాత లావుతో నిమిత్తం లేకుండా వస్తుంది. గురకే లేకుండా, ఊపిరి పెరుగుతూ తగ్గుతూ కాసేపు పూర్తిగా ఆగి మళ్లీ మొదలయ్యే రకం కూడా ఉంది. అందులో తప్పు గొంతుది కాదు, మెదడు ఇచ్చే ఆజ్ఞది. వీడియో తీయమన్నది ఇందుకే.

స్లీప్ స్టడీ అనే ఈ పరీక్ష కోసం ఒక రాత్రి హాస్పిటల్లో పడుకోవాలి. చిన్న పరికరం ఇచ్చి ఇంట్లోనే చేయించే పద్ధతీ ఉంది. న్యూరాలజిస్టునో ఊపిరితిత్తుల డాక్టరునో మీ అంతట మీరే అడగండి. రద్దీగా ఉండే ఓపీలో అడగనిదే ఈ మాట రాదు.

తీవ్రత ఎక్కువైతే సీప్యాప్ అనే మిషను వాడమంటారు. మాస్కు ద్వారా గాలిని ఒత్తిడితో పంపి గొంతు దారిని తెరిచి ఉంచుతుంది. దీని గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. గుండెజబ్బో స్ట్రోకో ఉన్న దాదాపు 2,700 మంది మీద జరిపి 2016లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో, సీప్యాప్ వాడినవాళ్లకు కొత్తగా స్ట్రోకులూ గుండెపోట్లూ తగ్గినట్టు కనబడలేదు. అయితే వాళ్లు మిషను వాడింది సగటున రాత్రికి మూడు గంటల చిల్లరే. పగటి మగత తగ్గడం, మనసు తేలికపడటం మాత్రం ఆ అధ్యయనంలోనూ కనిపించాయి. మళ్లీ స్ట్రోక్ రాకుండా ఇది కవచమని ఎవరైనా అమ్మజూపితే నమ్మకండి. పగలు మెలకువగా ఉండి వ్యాయామం చేయగలగడానికి మాత్రం ఇది నిజంగా పనికొస్తుంది, రాత్రంతా పెట్టుకుంటేనే.

పెట్టుకోవడమే కష్టం. ఒక చెయ్యి పనిచేయని మనిషి మాస్కు పట్టీలు తనంతట తాను బిగించుకోలేడు, ఊపిరాడనట్టు అనిపిస్తే తీసుకోనూ లేడు. ఆ భయం నిజమైనది, కసురుకోవద్దు. మొదటి వారం పగలు, కూర్చుని టీవీ చూస్తున్నప్పుడు అరగంట చొప్పున అలవాటు చేయండి. మంచి చేత్తో ఒక్క లాగుకు ఊడివచ్చే మాస్కు అడిగి తీసుకోండి. మూతి ఒకవైపు జారి ఉంటే అటునుంచి గాలి పోతుంది, వేరే సైజు ప్రయత్నించమనండి. అయస్కాంతపు క్లిప్పులున్న మాస్కులు తేలికగా పడతాయి గానీ, తలలో రక్తనాళానికి క్లిప్పు వేసినవాళ్లూ పేస్‌మేకర్ ఉన్నవాళ్లూ వాటిని వాడకూడదు. వాంతి వస్తున్నప్పుడు, కఫం బాగా పేరుకున్నప్పుడు మాస్కు పెట్టొద్దు. ఎండాకాలం కరెంటు కోతలుంటాయి కాబట్టి మిషనును ఇన్వర్టరు లైనుకు కలిపించండి.

మిషను వరకూ రాకపోయినా అందరూ చేయగలిగినది ఒకటుంది. వెల్లకిలా కాకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తలవైపు కాస్త ఎత్తు పెట్టండి. రాత్రి మందు తాగే అలవాటుంటే మాన్పించాలి. మద్యం గొంతు కండరాలను ఇంకా వదులు చేస్తుంది.

మంచం, దిండ్లు, భుజం

నా వృత్తి కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుతాను. పడిపోయినవైపు భుజం నొప్పి రాత్రి నిద్రను చెడగొట్టే పెద్ద శత్రువు. ఆ కీలును పట్టి ఉంచే కండరాలు సడలి ఉంటాయి. లేపేటప్పుడు చంకలో చెయ్యి వేసి గుంజినా, ఆ చెయ్యి పట్టుకుని లాగినా కీలు దెబ్బతింటుంది. నడుము దగ్గరా భుజం వెనకా ఆసరా ఇచ్చి లేపండి.

వెల్లకిలా పడుకోక తప్పనప్పుడు భుజం కిందనుంచి అరచేయి దాకా ఒక పొడుగు దిండు పెట్టి, చేతిని ఒంటికి కాస్త దూరంగా ఉంచండి. మంచివైపు తిరిగితే పడిపోయిన చేతినీ కాలినీ ముందుకు తెచ్చి చెరొక దిండు మీద ఉంచండి. చెయ్యి మంచం అంచున వేలాడకూడదు. పడిపోయినవైపు పడుకోకూడదని చాలామంది అనుకుంటారు. పడుకోవచ్చు, మంచిది కూడా. భుజం ఒంటి కింద నలగకుండా దాన్ని ముందుకు లాగి పెట్టాలి, అంతే. నొప్పి అంటే అరగంటకే తిప్పేయండి.

నులక మంచం, నవారు మంచం మధ్యలో కుంగుతాయి. ఆ గుంటలోంచి బలహీనమైన మనిషి పక్కకు తిరగలేడు. గట్టి పరుపున్న మంచం కావాలి. అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి. తనంతట తాను తిరగలేని మనిషిని రెండు గంటలకోసారి తిప్పమంటారు, పుండ్లు పడకుండా. రాత్రంతా అలా లేపితే ఇద్దరికీ నిద్ర ఉండదు. మంచి గాలి పరుపు వేసి, నడుమూ మడమలూ రోజూ చూసుకుంటూ, రాత్రి ఆ వ్యవధిని పెంచవచ్చా అని నర్సునో డాక్టరునో అడగండి. ఇది వాళ్లే నిర్ణయించాలి. ట్యూబు ద్వారా ఆహారం పెడుతుంటే పెట్టేటప్పుడూ ఆ తర్వాత గంటసేపూ తలవైపు 30 డిగ్రీలకు తగ్గకుండా ఎత్తి ఉంచాలి.

పగటిని సరిచేయండి, రాత్రి సగం సర్దుకుంటుంది

హాస్పిటల్లో పగలూ రాత్రీ ట్యూబులైట్ల వెలుగే. రాత్రి రెండింటికి బీపీ, అయిదింటికి ఇంజెక్షను. ఇంటికొచ్చాక కర్టెన్లు వేసిన గదిలో రోజంతా పడక. మెదడులోని గడియారానికి ఏది పగలో తెలియకుండా పోతుంది. దాన్ని మళ్లీ దిద్దేది పొద్దుటి వెలుతురే. రోజూ ఒకే టైముకు, ఏడింటికనుకోండి, లేపి ముఖం కడిగించి వరండాలోనో అరుగుమీదో అరగంట కూర్చోబెట్టండి. స్నానం, టిఫిను, వ్యాయామం మధ్యాహ్నానికి ముందే అయిపోవాలి. తినడానికి, మందులు వేసుకోవడానికి మంచం మీదినుంచి కుర్చీలోకి మార్చండి. మంచం నిద్రకు మాత్రమే అని మెదడు మళ్లీ నేర్చుకోవాలి.

పగటి కునుకు గురించి ఒక తేడా గమనించండి. మొదటి కొన్ని వారాల్లో మెదడు మానే పనిలో ఉంటుంది, ఎక్కువ నిద్ర సహజం. అప్పుడు బలవంతంగా లేపి కూర్చోబెట్టకండి, వ్యాయామాన్నే పది పది నిమిషాల ముక్కలు చేయమని మీ ఫిజియోథెరపిస్టును అడగండి. మెదడు లోతుల్లో ఉండే థాలమస్‌కు రెండువైపులా దెబ్బ తగిలినవాళ్లు రోజులో ఎక్కువభాగం నిద్రలోనే ఉండొచ్చు. స్కాన్ రిపోర్టులో ఆ మాట ఉంటే ఇంట్లో అందరికీ చెప్పండి, ఆ మనిషిని సోమరి అనకుండా ఉంటారు. చాలామందిలో అది నెలలు గడిచేకొద్దీ తగ్గుతుంది. ఆ తొలి దశ దాటాక మాత్రం మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక్క కునుకు, అరగంట, మూడింటిలోపు. పరామర్శకు వచ్చే చుట్టాలను నాలుగింటి తర్వాత రమ్మనండి. మొహమాటపడకండి. వచ్చినవాళ్లు రాత్రి తొమ్మిదిదాకా కూర్చుంటే లేవమని చెప్పే పని ఇంట్లో ఒకరు మీద వేసుకోవాలి.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లలో ఇంకొకటి చూస్తుంటాను. వాళ్లకు పొద్దున ఖాళీ దొరికినప్పుడు, అంటే ఇక్కడ రాత్రి పదింటికి వీడియో కాల్ వస్తుంది. ఆ మనిషి ఏడ్చి, ఉద్వేగపడి, తర్వాత ఒంటిగంట దాకా పడుకోడు. ఇక్కడ పొద్దున ఏడంటే న్యూజెర్సీలో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నరో తొమ్మిదిన్నరో. కాల్ అప్పటికి మార్చండి. పొద్దున్నే పిల్లల ముఖం చూసిన మనిషి వ్యాయామం బాగా చేస్తాడు, ఇది నా అనుభవం.

సాయంత్రం నుంచి

చివరి కాఫీ, టీ మధ్యాహ్నం మూడింటికల్లా అయిపోవాలి. రాత్రి భోజనం తేలికగా, ఏడున్నర ప్రాంతంలో. రాత్రి మూత్రానికి లేవాల్సి వస్తుందని నీళ్లే ఆపేసేవాళ్లున్నారు, అది ప్రమాదం. రోజు మొత్తం తాగేది తగ్గించకుండా, ఎక్కువభాగం సాయంత్రం ఆరులోపు తాగించండి. కాళ్లు వాచి ఉంటే మధ్యాహ్నం గంటసేపు ఎత్తుమీద పెట్టి ఉంచండి. లేకపోతే రాత్రి పడుకోగానే ఆ నీరంతా మూత్రంగా దిగుతుంది.

పడిపోవడాలు ఎక్కువగా రాత్రి బాత్రూము దారిలోనే. మంచం దగ్గర యూరిన్ క్యానో కమోడ్ కుర్చీయో పెట్టండి. చిన్న రాత్రి దీపం, మంచి చేతికి అందేలా కాలింగ్ బెల్లు ఉండాలి. దోమతెర అంచు కాలికి చిక్కకుండా పరుపు కిందికి దోపండి. దోమలచుట్ట పొగ ఊపిరికి మంచిది కాదు, తెరే మేలు.

పడుకోబెట్టి అరగంటైనా నిద్ర పట్టకపోతే మంచం మీదే దొర్లనివ్వకండి. కుర్చీలో కూర్చోబెట్టి మసక వెలుతురులో పాత పాటలో భజనలో సన్నగా పెట్టి, కళ్లు బరువెక్కాక తిరిగి పడుకోబెట్టండి.

మాత్రల సంచీ విప్పండి

ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ, మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న జలుబు మాత్రలూ దగ్గు సిరప్‌తో సహా, ఒక సంచీలో వేసి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. నిద్రను కదిపేవి వాటిలో కొన్ని ఉంటాయి. మూత్రం ఎక్కువ పోయే మాత్ర రాత్రి వేస్తుంటే పొద్దుటికి మార్చవచ్చు. దిగులుకు ఇచ్చే ఫ్లూక్సెటిన్‌లాంటివి కొందరికి నిద్ర పట్టనివ్వవు, పొద్దున వేస్తే నయం. బీపీకీ గుండెకూ ఇచ్చే ప్రొప్రనలాల్, మెటొప్రొలాల్ కొందరికి పీడకలలు తెస్తాయి. ఫిట్స్‌కు ఇచ్చే లెవెటిరాసెటమ్ కొందరిని మగతగానో చిరాగ్గానో చేస్తుంది. బిగుసుకుపోయిన కండరాలకు వాడే బాక్లోఫెన్ మత్తు తెస్తుంది. కానీ దాన్ని ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ రావచ్చు. కాబట్టి ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు, మార్చొద్దు.

బీపీ మాత్ర పొద్దునా, రాత్రా అని చాలామంది అడుగుతారు. బ్రిటన్‌లో 21,000 మందికి పైగా మీద జరిపి 2022లో ప్రచురించిన అధ్యయనంలో గుండెపోట్లు, స్ట్రోకుల విషయంలో రెండింటికీ తేడా కనబడలేదు. మరిచిపోకుండా వేసుకోగలిగే టైమే మంచి టైము.

ఇక నిద్రమాత్ర. "పాపం, ఒక్క ఆల్ప్రాజోలమ్ వేస్తే పడుకుంటాడు" అని పక్కింటివాళ్లు ఇచ్చిన మాత్ర వేసిన ఇళ్లు చూశాను. ఆప్నియా ఉన్న మనిషికి అది ఊపిరిని ఇంకా అణుస్తుంది. రాత్రి లేచినప్పుడు కాలు తడబడి తుంటి విరిగేలా పడతారు. మెదడు తిరిగి నేర్చుకునే పనికి కూడా ఈ జాతి మాత్రలు అడ్డుపడతాయని న్యూరాలజిస్టులు జాగ్రత్త చెబుతారు. గురక పరీక్ష, నొప్పి, మూత్రం, దిగులు, వీటన్నిటినీ చూశాకే నిద్రమాత్ర మాట రావాలి. అదీ డాక్టరు నోటినుంచి, కొద్దిరోజులకే.

కాళ్ల పీకుడు, కలలో కొట్టడం

పడుకోగానే కాళ్లలో పురుగులు పాకినట్టు, లాగినట్టు ఉండి, కదిపితేనే హాయిగా ఉంటుందంటే రక్తంలో ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది) పరీక్ష చేయించమనండి. 75 లోపు ఉంటే ఐరన్ ఇచ్చే విషయం డాక్టర్లు ఆలోచిస్తారు. కొన్ని అలెర్జీ మాత్రలూ వాంతి మాత్రలూ ఈ బాధను పెంచుతాయి. నిద్రలో అరవడం, చేతులు విసరడం, పక్కవాళ్లను కొట్టడం ఉంటే అది కోపం కాదు. మెదడు కాండంలో, కల వచ్చేటప్పుడు ఒళ్లు కదలకుండా ఆపే చోట దెబ్బ తగిలి ఉండొచ్చు. మంచం పక్కన గాజువస్తువులు తీసేయండి, కొన్నాళ్లు పక్క మంచం మీద పడుకోండి, న్యూరాలజిస్టుకు చెప్పండి. మందులున్నాయి.

తెల్లవారుజామున మూడింటికి మేలుకుని ఉంటే

స్ట్రోక్ వచ్చినవాళ్లలో మూడోవంతు మందికి డిప్రెషన్ వస్తుంది. తెల్లవారుజామునే మెలకువ వచ్చి మళ్లీ నిద్ర పట్టకపోవడం దాని గుర్తుల్లో ఒకటి. తిండి మీద ఇష్టం పోవడం, వ్యాయామం వద్దనడం, "నేనుండి ఏం లాభం" అనడం చూడండి. మాట పడిపోయిన మనిషి ఈ సంగతి చెప్పలేడు. మీరే కనిపెట్టాలి. ఇది ధైర్యం చెబితే పోయేది కాదు, మందుకూ మాటకూ తగ్గేది. దగ్గర్లో మానసిక వైద్యుడు లేకపోతే టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. చనిపోతానన్న మాట నోట వస్తే ఒంటరిగా వదలకండి, అదేరోజు డాక్టరుకు చూపించండి.

మీ నిద్ర

మా అమ్మ ఎనిమిది నెలలపాటు ఒక్క రాత్రి కూడా నాలుగు గంటలు వరసగా పడుకోలేదు. మేమెవరం అడగలేదు, తను చెప్పలేదు. ఒకరోజు బీపీ పెరిగి వంటింట్లో కూలబడింది. అప్పుడు వంతులు వేసుకున్నాం. రాత్రి పదినుంచి రెండు దాకా ఒకరు, రెండునుంచి ఆరుదాకా ఒకరు, వంతు కానివాళ్లు వేరే గదిలో తలుపు వేసుకుని. వారానికి రెండు రాత్రులు అమ్మకు పూర్తి సెలవు. ఇంట్లో ఇద్దరే ఉంటే వారానికి ఒక్క రాత్రికైనా చుట్టాన్నో అటెండరునో పిలవండి. కోడలిమీదో భార్యమీదో మొత్తం వదిలేసి, పొద్దున "రాత్రి ఎలా ఉన్నాడు" అని అడిగే మగవాళ్లకు నేరుగానే చెబుతాను, ఒక వారం ఆ మంచం పక్కన మీరు పడుకోండి.

ఏడో రోజు పొద్దున నోటుబుక్కు తిరగేయండి. పగటి మగతతోపాటు గురకలో ఊపిరి ఆగడం కనిపిస్తే తర్వాతి చెకప్ దాకా ఆగొద్దు, ఆ వారమే వెళ్లండి. నిద్రలో ఫిట్స్ అనుమానం వచ్చినా అంతే. మిగతావాటికి మీ మామూలు తేదీ సరిపోతుంది. గదిలోకి వెళ్లగానే ముందు వీడియో చూపించి, తర్వాత పుస్తకం, ఆపై మాత్రల సంచీ బల్లమీద పెట్టండి. "ఈయనకు స్లీప్ స్టడీ అవసరమా? ఈ మాత్రల్లో టైము మార్చాల్సినవి ఉన్నాయా? సోడియం, ఫెరిటిన్ ఒకసారి చూద్దామా?" అని అడగండి. జవాబులు అదే పుస్తకంలో, ఎనిమిదో రాత్రి పేజీలో రాసుకోండి.